చిప్పుల వెనక సరుకులు, రిపోర్టుల్లో కాకిలెక్కలు

పోయిన దీపావళికి ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలకి వెళ్ళాం. ఊరు అరిజోనాలో ఛాండ్లర్. ఇక్కడ ఇంటెల్ వాళ్ళ ఫ్యాక్టరీలున్నాయి. ఫీనిక్స్‌కి ఉత్తరాన టి.ఎస్.ఎం.సి. వాళ్ళు కట్టింది ఉంది. అందుకని మా దగ్గర పుట్టినరోజుకెళ్ళినా, సత్యనారాయణ వ్రతానికెళ్ళినా మాటలు తిరిగి తిరిగి చిప్పుల మీదకే వస్తాయి. నాబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళం కూడా "త్రీ నానోమీటర్" అని గంభీరంగా అనడం నేర్చుకున్నాం.

భోజనాలయ్యాక పిల్లలు మేడ మీదికి పరిగెత్తారు. ఇంటాయన మా అందరిలోకీ పెద్దవాడు, నేను అన్నయ్యా అని పిలుస్తాను. ఆయన టీవీకి లాప్‌టాప్ తగిలించి ఒక స్లైడు చూపించారు. భారతదేశంలో సెమీకండక్టర్ రసాయనాల మార్కెట్ 2024 నుంచి 2032 దాకా ఏటా 12 శాతం చొప్పున పెరుగుతుందిట. కింద మెట్లు మెట్లుగా పైకి పోతున్న నీలం కడ్డీలు. అది ఏదో మార్కెట్ రీసెర్చి సంస్థ ఉచితంగా పంచే నమూనా పేజీ. పూర్తి రిపోర్టు కావాలంటే వేల డాలర్లు పెట్టి కొనుక్కోవాలి.

ఆయన ఆలోచన ఇదీ. హైదరాబాదు శివార్లలో ఆయన బావమరిదికి ఒక చిన్న యూనిట్ ఉంది. మందుల కంపెనీలు వాడేసిన సాల్వెంట్లని మళ్ళీ బట్టీపట్టి శుద్ధిచేసి ఇస్తారు. దాని పక్కనే ఇంకో షెడ్డు వేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని చిప్పుల తయారీకి పనికొచ్చేంత స్వచ్ఛంగా తీసి, దేశంలో కొత్తగా వస్తున్న ఫ్యాక్టరీలకి అమ్మాలి. పది కుటుంబాలు, తలా పాతికవేల డాలర్లు. "ఇంత పెద్ద మార్కెట్లో మనకి ఒక్క శాతం వచ్చినా చాలు తమ్ముడూ," అన్నారు.

నాకు ఆ నీలం కడ్డీలు ఎక్కడినుంచి వస్తాయో కొంచెం తెలుసు. అయినా ఆ రాత్రి నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో చివర్లో చెబుతాను. ముందు ఆ కడ్డీల సంగతి చూద్దాం. ఎందుకంటే ఇలాంటి స్లైడు ఈ ఏడాది కాకపోతే పైఏడాది మీ ఇంటి టీవీ మీదకీ వస్తుంది.

అంకెలు ఎలా వండుతారు

నేను రసాయన శాస్త్రవేత్తని కాను. డేటాబేసులు, రిపోర్టింగ్ నా బతుకుతెరువు. కొన్నేళ్ళ క్రితం ఒక మార్కెట్ రీసెర్చి కంపెనీలో తొమ్మిది నెలలు కాంట్రాక్టు చేశాను. స్ప్రెడ్‌షీట్లలో చెల్లాచెదురుగా ఉన్న వాళ్ళ లెక్కల్ని ఒక డేటాబేసులోకి ఎక్కించడం నా పని.

ఆ స్ప్రెడ్‌షీట్లలో నిలువు వరసలు సంవత్సరాలు, అడ్డ వరసలు సరుకులు. మొదటి ఒకటి రెండు వరసలకి ఆధారాలుండేవి: కంపెనీల వార్షిక నివేదికలు, కస్టమ్స్ లెక్కలు, అనలిస్టు ఫోన్ చేసి కనుక్కున్న సంగతులు. ఆ తర్వాతి ఏడెనిమిది వరసలు? పాత వరసని వృద్ధి రేటుతో గుణించు, కుడివైపుకి లాగు. అంతే. ఆ వృద్ధి రేటు ఒకే ఒక్క గడిలో ఉండేది. ఆ గడిని అనలిస్టు చేత్తో నింపేవాడు. ఏటా 12 శాతం అంటే ఎనిమిదేళ్ళకి రెండున్నర రెట్లు. స్లైడు మీద కొండలా కనబడే మెట్లన్నీ ఆ ఒక్క గడిలోంచి పుట్టినవే.

విడి సరుకుల మొత్తం, పైన వేసిన మొత్తంతో కలవకపోతే ఏం చేస్తారని అడిగాను. "ఇతరములు" అనే వరస ఉంది కదా, తేడా అందులోకి పోతుందన్నారు. మన పెళ్ళి ఖర్చుల పద్దులో "చిల్లర ఖర్చులు" లాంటిదన్నమాట.

ఆ అనలిస్టులని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తెలివైనవాళ్ళే. ఒక్కొక్కరి నెత్తిన ఏడాదికి పాతిక ముప్ఫై రిపోర్టులు. నన్ను నిజంగా కంగారుపెట్టింది వేరే విషయం. ప్రతి ఏడాదీ కొత్త అంచనాలు వచ్చినప్పుడు పాతవాటి మీదే రాసేసేవారు. అంటే మూడేళ్ళ క్రితం మనం ఏం చెప్పాం, అది ఎంతవరకు నిజమైంది అని వెనక్కి తిరిగి చూసుకునే దారే లేదు. "అంచనా వేసిన తేదీ" అని ఒక కాలమ్ చేరుద్దామన్నాను. అడిగే కస్టమర్లు లేరు, వద్దన్నారు. మనం ఒక్క లైను కోడు మారిస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టుకుంటామే, కోట్ల పెట్టుబడికి ఆధారమయ్యే అంకెకి ఆపాటి చరిత్ర లేదు.

అందరూ ఇలాగే చేస్తారనను. పరిశ్రమ సంఘాలు నేరుగా సభ్య కంపెనీలనుంచి లెక్కలు తీసుకుంటాయి. చిప్పుల అమ్మకాలకి డబ్ల్యు.ఎస్.టి.ఎస్., సరుకులకి, యంత్రాలకి సెమి అనే సంస్థ. జరిగిపోయిన ఏడాది గురించి వీళ్ళు చెప్పేది నమ్మదగ్గదే. కానీ జరగబోయేది? 2022 జూన్‌లో డబ్ల్యు.ఎస్.టి.ఎస్. వేసిన అంచనా ప్రకారం 2023లో ప్రపంచ చిప్పుల అమ్మకాలు 680 బిలియన్ డాలర్లు ఉండాలి. చివరికి జరిగినవి 527 బిలియన్లు. ఫోన్లు, కంప్యూటర్లు కొనేవాళ్ళు తగ్గారు, మెమరీ ధరలు కుప్పకూలాయి. తేడా 150 బిలియన్ల పైన. అదే ఏడాది ప్రపంచం మొత్తం మీద చిప్పుల తయారీకి వాడిన సరుకుల విలువ 66.7 బిలియన్లు. అంటే ఏడాదిన్నర ముందు వేసిన అంచనాలో దొర్లిన పొరపాటు, మొత్తం సరుకుల వ్యాపారానికి రెండు రెట్ల పైమాట. కంపెనీల లోపలి లెక్కలు చేతిలో ఉన్నవాళ్ళ పరిస్థితే ఇది. ఎనిమిదేళ్ళ తర్వాతి సంగతి చెప్పేవాళ్ళని ఏ మాత్రం నమ్మాలో మీరే ఆలోచించండి.

చిన్న అంకె, పెద్ద పని

ఇంతకీ సరుకులంటే ఏమిటి? సిలికాన్ వేఫర్లు, వాటిమీద నమూనా అచ్చు వేయడానికి పూసే ఫొటోరెజిస్టు, చెక్కడానికి వాడే ఆమ్లాలు, వాయువులు, నునుపు చేసే ముద్ద, కడిగే రసాయనాలు, చివరగా చిప్పుని డబ్బాలో పెట్టి తీగలు కలపడానికి కావలసిన సామగ్రి. సెమి లెక్క ప్రకారం 2024లో ఇవన్నీ కలిపి 67.5 బిలియన్ డాలర్లు. అదే ఏడాది చిప్పుల అమ్మకాలు 627 బిలియన్ల పైన. అంటే సరుకుల వాటా రూపాయిలో పదకొండు పైసలు కూడా లేదు.

పిట్ట కొంచెం, కూత ఘనం. 2019 మొదట్లో టి.ఎస్.ఎం.సి. ఫ్యాక్టరీ ఒకదానిలోకి ఒక సరఫరాదారు నుంచి దోషమున్న ఫొటోరెజిస్టు వచ్చింది. అందులో ఉండకూడని పాలిమర్ ఒకటి తయారయింది. కనిపెట్టేసరికి బోలెడు వేఫర్లు పాడయ్యాయి. ఆ మూడు నెలల ఆదాయంలో సుమారు 550 మిలియన్ డాలర్లు తగ్గుతుందని కంపెనీయే ప్రకటించింది. 2022 ఫిబ్రవరిలో జపాన్‌లో కియోక్సియా, వెస్టర్న్ డిజిటల్ ఉమ్మడి ఫ్యాక్టరీలలో ఏదో సరుకు కలుషితమై, కనీసం 6.5 ఎక్సాబైట్ల ఫ్లాష్ మెమరీ పోయిందని వెస్టర్న్ డిజిటల్ చెప్పింది.

పప్పులో ఉప్పు ఖరీదెంత? ఇంటి ఖర్చులో దాని శాతం లెక్కేస్తే కనబడనే కనబడదు. అది లేని రోజున తెలుస్తుంది. మార్కెట్ సైజు అనేది ఉప్పు ఖరీదు చెప్పే లెక్క. ఉప్పు పని చెప్పే లెక్క కాదు.

ఉప్పు అంటే గుర్తొచ్చింది. మన ఫ్రైడ్ రైస్ బండ్ల దగ్గర చిటికెడు చల్లే అజినోమోటో ఉందే, ఆ కంపెనీ చిప్పుల వ్యాపారంలో ఒక మూలస్తంభం అంటే నమ్ముతారా? అమైనో ఆమ్లాల తయారీలో మిగిలే ఉప ఉత్పత్తులతో ఏం చేయొచ్చని పరిశోధిస్తూ, వాళ్ళు ఎపాక్సీ రెసిన్ల వైపు వెళ్ళారు. 1990లలో దాన్ని పల్చటి పొరగా తయారుచేశారు. 1999 నుంచి ప్రాసెసర్ కింద ఉండే సబ్‌స్ట్రేట్‌లో తీగల వరసల మధ్య ఇన్సులేషన్‌గా అది వాడకంలోకి వచ్చింది. అజినోమోటో బిల్డప్ ఫిల్మ్ అంటారు. ఈ రకం పొరలో ఇవాళ దాదాపు ప్రపంచమంతా ఆ ఒక్క కంపెనీ మీదే ఆధారపడుతోంది. మీ లాప్‌టాప్‌లో కూడా అది ఉండే ఉంటుంది.

1995లో ఎవరైనా "ఎలక్ట్రానిక్ ఇన్సులేషన్ సరుకుల మార్కెట్" అని రిపోర్టు రాసి ఉంటే, అందులో అజినోమోటో పేరు ఉండే అవకాశమే లేదు. వాళ్ళు అప్పటికి ఆ మార్కెట్లో లేరు. స్ప్రెడ్‌షీట్లో లేని వరసని ఎంత శాతంతో గుణించినా సున్నాయే.

దిశ సరైనదే, డబ్బు ఏదీ?

సరే, మార్కెట్ అంచనాలు కాకిలెక్కలే అనుకుందాం. సాంకేతికత ఎటు పోతోందో సరిగ్గా పసిగడితే గెలిచినట్టే కదా అని మీరు అనొచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, సిలికాన్ కార్బైడ్ కథ చూసేదాకా.

ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ కరెంటుని మోటారుకి అందించే చోట సిలికాన్ కంటే సిలికాన్ కార్బైడ్ మేలు. ఎక్కువ వోల్టేజి తట్టుకుంటుంది, వేడి రూపంలో పోయే శక్తి తక్కువ. టెస్లా మోడల్ త్రీ దీన్ని వాడి చూపించింది. ఈ సరుకులో అందరికంటే అనుభవమున్నది నార్త్ కరొలైనాలోని క్రీ కంపెనీ. వాళ్ళు పాత దీపాల వ్యాపారాలన్నీ అమ్మేసి, 2021లో పేరు కూడా ఉల్ఫ్‌స్పీడ్ అని మార్చుకుని, పూర్తిగా దీనిమీదే పందెం కాశారు. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. 2023లో జపాన్‌కి చెందిన రెనెసాస్, పదేళ్ళపాటు వేఫర్లు ఇవ్వమని 2 బిలియన్ డాలర్లు డిపాజిట్ చేస్తామని ఒప్పందం రాసుకుంది.

అదే ఏడాది మార్చిలో టెస్లా తన పెట్టుబడిదారుల సభలో ఒక చిన్న ముక్క చెప్పింది: మా తర్వాతి తరం కార్లలో సిలికాన్ కార్బైడ్ వాడకాన్ని 75 శాతం తగ్గిస్తాం. ఆ తర్వాత అమెరికాలో, యూరప్‌లో ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు అనుకున్నంత వేగంగా పెరగలేదు. చైనా కంపెనీలు పోటాపోటీగా వేఫర్లు తయారుచేసి ధరలు పడగొట్టాయి. 2025 జూన్ 30న ఉల్ఫ్‌స్పీడ్ దివాలా కోర్టుకెక్కింది. సెప్టెంబరులో అప్పులు తగ్గించుకుని బయటపడింది కానీ, పాత వాటాదార్లకి దక్కింది ఏ మూలకీ రాని ముక్క.

ఇక్కడ సాంకేతిక అంచనా తప్పలేదు. సిలికాన్ కార్బైడ్ కార్లలోకి వచ్చింది, ఇంకా వస్తోంది. తప్పిందల్లా మూడు చిన్న విషయాలు: ఒక్కో కారుకి ఎంత కావాలి, ఎప్పటికి కావాలి, ఇంకెంతమంది చేయగలరు. "ఈ సరుకుకి భవిష్యత్తు ఉంది" అన్న మాటకీ, "ఈ సరుకు తయారుచేసేవాడికి భవిష్యత్తు ఉంది" అన్న మాటకీ మధ్య ఉన్న దూరం అది. మనవాళ్ళు చాలామంది షేర్లు కొనేటప్పుడు ఆ దూరాన్ని ఒక్క గెంతులో దాటేస్తారు.

ఇంకో ఉదాహరణ. 2024లో చిప్పుల అమ్మకాలు డాలర్లలో 19 శాతం పెరిగాయి. ఏ.ఐ. పుణ్యమా అని ఎక్కడ చూసినా సందడే. మరి అదే ఏడాది సిలికాన్ వేఫర్ల సంగతి? విస్తీర్ణం లెక్కన సరఫరా దాదాపు 3 శాతం తగ్గింది, వేఫర్ల కంపెనీల ఆదాయం 6.5 శాతం తగ్గి 11.5 బిలియన్లకి దిగింది. అదెలా? ఏ.ఐ. చిప్పులు ఖరీదైనవి కానీ, మొత్తం సిలికాన్‌లో వాటికి పట్టే విస్తీర్ణం కొంచెమే. కార్లకి, ఫ్యాక్టరీ యంత్రాలకి వెళ్ళే మామూలు చిప్పుల గిరాకీ పడిపోయి ఉంది. పైగా ఫ్యాక్టరీల గోదాముల్లో పాత వేఫర్ల నిల్వలు పేరుకుని ఉన్నాయి. "చిప్పులు పెరుగుతున్నాయి కాబట్టి వేఫర్లూ పెరుగుతాయి" అని గడిలో ఒకే శాతం రాసుకున్నవాడు ఆ ఏడాది బోల్తా పడ్డాడు. డాలర్లు ఒక కథ చెబుతాయి, చదరపు అంగుళాలు ఇంకో కథ చెబుతాయి.

భయం కూడా ఒక అంచనాయే

ఆశ అమ్మే రిపోర్టులున్నట్టే భయం అమ్మేవీ ఉన్నాయి. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు నియాన్ వాయువు గురించి ఎంత హడావిడి జరిగిందో గుర్తుందా? చిప్పుల మీద నమూనా వేసే లేజర్లలో నియాన్ వాడతారు. చిప్పుల తయారీకి పనికొచ్చే నియాన్‌లో దాదాపు సగం ఉక్రెయిన్ కంపెనీలు రెండింటి నుంచే వస్తోందని అప్పట్లో అంచనా. ఒకటి మారియుపోల్‌లో, ఇంకోటి ఒడెసాలో. రెండూ ఆగిపోయాయి. ఇక చిప్పులు ఉండవన్నారు. ధరలు పెరిగాయి కానీ, ఫ్యాక్టరీలు ఆగలేదు. ఎందుకంటే 2014లో క్రిమియా గొడవప్పుడు నియాన్ ధర చుక్కలంటితే, అప్పుడే చాలామంది నిల్వలు పెంచుకున్నారు, వాడకం తగ్గించారు, వేరే సరఫరాదారులని వెతుక్కున్నారు.

2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను నార్త్ కరొలైనాలో స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరిని ముంచెత్తింది. సిలికాన్‌ని కరిగించే మూసలకి కావలసిన అతి స్వచ్ఛమైన క్వార్ట్జ్ చాలావరకు ఆ ఊరి గనులదే. మళ్ళీ అదే గోల. కొద్దివారాల్లో గనులు పనిలోకి వచ్చాయి, చిప్పుల సరఫరా చెక్కుచెదరలేదు.

అయితే భయాలన్నీ వట్టివేనా? అదీ కాదు. 2019 జులైలో జపాన్ ప్రభుత్వం దక్షిణ కొరియాకి వెళ్ళే మూడు సరుకుల ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది: ఫొటోరెజిస్టు, హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఫ్లోరినేటెడ్ పాలీఇమైడ్. డబ్బు లెక్కన చిన్న సరుకులే. కొరియా ఆర్థిక వ్యవస్థ గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. ఆంక్షలు 2023 దాకా నడిచాయి. ఈలోపు కొరియా కంపెనీలు హైడ్రోజన్ ఫ్లోరైడ్ చాలావరకు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టాయి. దెబ్బ చివరికి జపాన్ సరఫరాదార్లకీ తగిలింది. ఫొటోరెజిస్టు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. దాని విలువ జపాన్‌కి బాగా తెలుసు. అందుకే ఆ వ్యాపారంలో పెద్దదైన జె.ఎస్.ఆర్. కంపెనీని ప్రభుత్వ మద్దతున్న నిధి ఒకటి 2024లో కొనేసి, స్టాక్ మార్కెట్ నుంచి తప్పించింది.

ఒకేసారి ఆపిన సరుకుల్లో ఒకటి ఎందుకు లొంగింది, ఇంకోటి ఎందుకు లొంగలేదు? మార్కెట్ సైజు అంకె ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. ఆమ్లాన్ని శుద్ధిచేయడం కష్టమైన పనే కానీ, గమ్యం ఏమిటో అందరికీ తెలుసు, స్వచ్ఛత కొలిచి చూసుకోవచ్చు. ఫొటోరెజిస్టు అలా కాదు. అది ఒక్కో కస్టమర్ ప్రాసెస్‌కి తగ్గట్టు ఏళ్ళ తరబడి కూర్చుని కుదిర్చిన వంటకం. వంట పుస్తకం దొరికినా మామ్మ చేతి పులిహోర రానట్టే.

మరి ఏం అడగాలి?

ఇంతా చెప్పి రిపోర్టులు చదవొద్దంటే కుదరదు. చదవాలి. మన వృత్తిలో ఎవరో రాసిచ్చిన రిక్వైర్‌మెంట్స్‌ని పట్టుకుని ఎలా ఆరా తీస్తామో అలాగే చదవాలి. నాకు నేను పెట్టుకున్న ప్రశ్నలు నాలుగే.

ఒకటి, ఈ సరుకు వాడేది ఎక్కడ? చిప్పులు కొనే చోట కాదు, చిప్పులు చేసే చోట. 2024లో సరుకులు అందరికంటే ఎక్కువ వాడింది తైవాన్, 20 బిలియన్ డాలర్లకి. తర్వాత చైనా, కొరియా. "భారతదేశపు సెమీకండక్టర్ మార్కెట్" అని పేపర్లలో కనబడే పెద్ద పెద్ద అంకెలు సాధారణంగా మన దేశంలో ఫోన్లలో, టీవీల్లో, కార్లలో పెట్టడానికి కొన్న చిప్పుల విలువ. ఆ చిప్పులు ఎక్కడో తయారై వచ్చినవి. ఆ అంకెని ప్రపంచ సగటు నిష్పత్తితో గుణించి "మన దేశంలో రసాయనాల గిరాకీ ఇంత" అంటే, హోటల్లో ఇడ్లీలు తినేవాళ్ళని లెక్కపెట్టి వాళ్ళ ఇళ్ళల్లో మినప్పప్పు ఖర్చు తేల్చినట్టుంటుంది.

రెండు, లోపలికి వెళ్ళడానికి ఎంత కాలం పడుతుంది? చిప్పుల ఫ్యాక్టరీ ఒక సరుకుని ఒప్పుకోవాలంటే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పరీక్షిస్తుంది. ఒకసారి ఒప్పుకున్నాక మార్చదు. ఇంటెల్ అయితే ఒక ఫ్యాక్టరీలో కుదిరినదాన్ని ఇంకో ఫ్యాక్టరీలో అచ్చుగుద్దినట్టు దించాలని "కాపీ ఎగ్జాక్ట్‌లీ" అని పేరుపెట్టి మరీ నియమం చేసుకుంది. ప్రొడక్షన్‌లో సజావుగా నడుస్తున్న కోడుని ముట్టుకోకు అన్న సూత్రం మనకి కొత్త కాదు కదా. అందుకే "ఒక్క శాతం వాటా చాలు" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఇక్కడ వాటా పప్పు బెల్లాల్లా పంచరు. ఆ ఫ్యాక్టరీ జాబితాలో మీ పేరుంటే అమ్మకం, లేకపోతే సున్నా.

మూడు, లెక్క డాలర్లలోనా, కిలోల్లోనా? ధర పెరిగి మార్కెట్ పెరగడం వేరు, వాడకం పెరిగి పెరగడం వేరు.

నాలుగు, ఇదే సంస్థ అయిదేళ్ళ క్రితం ఏం చెప్పింది? పాత రిపోర్టు చూపించమని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి చాలా కడ్డీలు కూలిపోతాయి.

అన్నయ్య స్లైడు

ఆ రాత్రి నేను ఎందుకు మాట్లాడలేదంటే, పదమూడేళ్ళ క్రితం ఎం.ఎస్.కి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చి నన్ను తీసుకెళ్ళింది ఆయన. నా మొదటి అపార్ట్‌మెంటుకి గ్యారంటీ సంతకం పెట్టింది ఆయన. పదిమంది ముందు ఆయన మాట కాదనడానికి మనసొప్పలేదు. మర్యాద అనుకున్నాను. ఇంటికొచ్చాక అది మర్యాద కాదు, పిరికితనం అనిపించింది. ఆ గదిలో ఇల్లు కొనడానికి కూడబెట్టుకుంటున్నవాళ్ళున్నారు. వీసా అనిశ్చితిలో ఉండి, రేపు ఇండియా వెళ్ళాల్సి వస్తే ఆధారంగా ఉంటుందని ఆశపడ్డవాళ్ళున్నారు. ఇంత తెలిసీ ఊరుకున్నది నేనొక్కణ్ణే.

రెండురోజుల తర్వాత పై నాలుగు ప్రశ్నలూ ఆయనకి ఉత్తరంగా రాశాను. వాటికి నేను వెతికిన జవాబులు కూడా జోడించాను. 2025 ఆగస్టు నాటికి కేంద్ర ప్రభుత్వం సెమీకండక్టర్ మిషన్ కింద ఆమోదించిన ప్రాజెక్టులు పది. వాటిలో ఎక్కువ భాగం చిప్పుల్ని పొదిగి, పరీక్షించే యూనిట్లు. అప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిందీ ఆ కోవలోదే. అక్కడ కావలసింది లెడ్ ఫ్రేములు, సబ్‌స్ట్రేట్లు, రాగి తీగ, మోల్డింగ్ పొడి. వేఫర్లు కడిగి ఆరబెట్టడానికి అతి స్వచ్ఛమైన ఆల్కహాల్ పెద్ద మోతాదులో కావలసింది వేఫర్ల మీద చిప్పులు చెక్కే చోట. ఆ జాబితాలో అలాంటి పెద్ద సిలికాన్ ఫ్యాక్టరీ గుజరాత్‌లో ధోలేరా ఒక్కటే. కాబట్టి స్లైడు మీద ఎన్ని కడ్డీలున్నా, మన షెడ్డుకి నికరంగా తలుపు తట్టదగ్గ ఇల్లు దాదాపు ఒక్కటే.

ఇక స్వచ్ఛత. మందుల తయారీలో మలినాలని పదిలక్షల్లో ఎన్ని వంతులని కొలుస్తారు. అధునాతన చిప్పుల ఫ్యాక్టరీలు లోహాల మలినాన్ని లక్ష కోట్లలో ఎన్ని వంతులని అడుగుతాయి. ఆ స్థాయిలో సాల్వెంట్ తీయడం ఒక ఎత్తు, దాన్ని కొలవడం ఇంకో ఎత్తు, పోసే డబ్బా నుంచే లోహం కలవకుండా చూడడం మరో ఎత్తు.

ఆయన మర్నాడే ఫోన్ చేశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజే చెప్పొచ్చు కదరా," అన్నారు. అప్పటికే రెండు కుటుంబాలు డబ్బు పంపేశాయట.

నా ఉత్తరం చదివి ఆయన ప్రయత్నం మానుకోలేదు. మానుకోవాలని నేనూ కోరలేదు. హైదరాబాదులో రసాయనాలు తెలిసిన చేతులకి కొదవలేదు. 1960లలో ఐ.డి.పి.ఎల్. వచ్చింది. అందులో పని నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారూ అక్కడ పనిచేసినవారే. హైదరాబాదు మందుల పరిశ్రమ నీలం కడ్డీలు చూసి పుట్టింది కాదు, పని వచ్చిన మనుషుల నుంచి పుట్టింది. దానికి రెండు మూడు దశాబ్దాలు పట్టింది. పటాన్‌చెరు చెరువులు కూడా దానికి మూల్యం చెల్లించాయి. చిప్పుల సరుకులు కూడా అలాగే రావాలి: నెమ్మదిగా, ఒక కస్టమర్‌తో, ఒక పరీక్షతో, ఈసారి చెరువుల సంగతి ముందే ఆలోచించుకుని.

ప్రస్తుతానికి తేలింది ఏమిటంటే, షెడ్డు కట్టడం ఆగింది. పంపిన రెండు కుటుంబాల డబ్బు వెనక్కిచ్చేశారు. ముందుగా బావమరిదిగారు ఒక నమూనా తీసి ప్రయోగశాలలో లోహాల పరీక్ష చేయిస్తారు. దాని ఖర్చు అన్నయ్యా, నేనూ చెరిసగం పెట్టుకున్నాం. ఫలితం బాగుంటే ఆ కాగితం పట్టుకుని కొనేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళు "ఇంకా నాలుగు నమూనాలు పంపండి" అంటే, అప్పుడు మిగతావాళ్ళని మళ్ళీ భోజనానికి పిలుద్దామన్నారు.

ఈసారి టీవీకి లాప్‌టాప్ తగిలిస్తే చూపించడానికి మా దగ్గర ఒకే ఒక్క అంకె ఉంటుంది. చిన్నదే. కానీ అది మేము కొలిచింది.